బడిలో ఆడామగా తేడా చూపితే చట్టం ఏమంటుంది? తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో రెండేళ్లు తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను. అప్పుడూ ఆ తర్వాతా స్కూలు గేటు దగ్గర, పెళ్లి భోజనాల్లో, ఒక్కోసారి రాత్రి పదింటికి ఫోన్ చేసి జనం నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి. నేను లాయర్ని కాను. చట్టాలు చదివి, అర్థం కాని చోట తెలిసిన లాయరమ్మను విసిగించి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. కేసు దాకా వెళ్లే విషయమైతే లాయర్ దగ్గరకే వెళ్లండి. డబ్బు ఖర్చు లేకుండా ఎలా వెళ్లాలో చివర్లో ఉంది.

స్కూళ్లలో లింగ వివక్షను ఆపడానికి మనకు ప్రత్యేకంగా ఒక చట్టం ఉందా?

లేదు. చాలామంది ఉందనే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. మన దగ్గర రక్షణ ముక్కలు ముక్కలుగా ఉంది. రాజ్యాంగంలో కొంత, 2009 నాటి విద్యాహక్కు చట్టంలో కొంత, పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టంలో కొంత, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను ఆపడానికి 2013లో వచ్చిన చట్టంలో ఇంకొంత. అందుకే ముందు మీ సమస్య ఏ ముక్క కిందికి వస్తుందో తేల్చుకోవాలి. బాత్రూమ్ లేకపోతే ఒక చట్టం. సారు చెయ్యి వేస్తే ఇంకో చట్టం. సర్కారు బడిలో అమ్మాయి అని ఆటల జట్టులోకి తీసుకోకపోతే నేరుగా రాజ్యాంగమే. అన్నీ కలిపి ఒకే అర్జీలో కుక్కితే ఏ ఆఫీసూ అది తనదని ఒప్పుకోదు.

రాజ్యాంగంలో అసలు ఏం రాసి ఉంది?

ఆర్టికల్ 15(1) ప్రకారం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ప్రభుత్వం ఏ పౌరుడి మీదా వివక్ష చూపకూడదు. దాని వెనకే 15(3) ఉంది. ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం ప్రభుత్వం ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవచ్చని చెబుతుంది. బాలికల గురుకులాలు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు చట్టబద్ధంగా నడుస్తున్నది దీని మీదే. మన రెండు రాష్ట్రాల్లో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) లాంటి అడ్మిషన్లలో అమ్మాయిలకు 33⅓ శాతం సీట్లు ఇవ్వడానికీ ఇదే ఆధారం. ఉద్యోగాల్లో మహిళలకు ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన రిజర్వేషన్ మీద కోర్టుకు వెళ్తే, 1995లో సుప్రీంకోర్టు 15(3) కిందే దాన్ని సమర్థించింది. కాబట్టి 'అమ్మాయిలకు స్పెషల్ స్కూలు ఉంటే అది మగపిల్లల మీద వివక్ష కాదా' అని ఎవరైనా వాదిస్తే, ఆ వాదన కోర్టుల్లో ఎప్పుడో ఓడిపోయింది.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. ప్రభుత్వం నడిపే, ప్రభుత్వ సాయంతో నడిచే విద్యాసంస్థల్లో ప్రవేశం నిరాకరించకూడదని ఆర్టికల్ 29(2) చెబుతుంది. ఏ కారణాల మీద? మతం, జాతి, కులం, భాష. అంతే. పక్కనే 15(1)లో ఉన్న 'లింగం' అన్న మాట ఇందులో లేదు. అందుకే సీటు విషయంలో పోరాడేటప్పుడు లాయర్లు 14, 15 ఆర్టికల్స్ పట్టుకుంటారు, 29 జోలికి పోరు.

ప్రైవేటు స్కూలుకూ ఇవి వర్తిస్తాయా?

ఆర్టికల్ 15(1) ప్రధానంగా ప్రభుత్వాన్నే కట్టేస్తుంది. ప్రైవేటు స్కూలు యజమాని 'అది నాకు కాదు' అంటే పూర్తిగా తప్పేమీ కాదు. కానీ విద్యాహక్కు చట్టం, పోక్సో, 2013 చట్టం ప్రైవేటు స్కూళ్లకూ వర్తిస్తాయి. మైనారిటీ యాజమాన్యాల స్కూళ్లను మాత్రం విద్యాహక్కు చట్టం నుంచి 2014లో సుప్రీంకోర్టు మినహాయించింది. పోక్సో నుంచి ఎవరికీ మినహాయింపు లేదు.

ఒకే ఇంట్లో అబ్బాయిని కార్పొరేట్ స్కూలుకూ అమ్మాయిని సర్కారు బడికీ పంపడాన్ని ఏ చట్టమూ అడగదు. అది కూడా అడిగారు నన్ను, ఒక అమ్మాయే.

ఏ తరగతి వరకు?

విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకు, అంటే ఎనిమిదో తరగతి దాకా. తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలకు ఆ చట్టం అండ ఉండదు. సరిగ్గా అమ్మాయిలు బడి మానేసే వయసులోనే గొడుగు ముడిచేసినట్టు ఉంటుంది. పోక్సో మాత్రం 18 ఏళ్లు నిండేదాకా ఉంటుంది.

ఆడపిల్లలకు విడిగా బాత్రూమ్ లేదు. అడగొచ్చా?

అడగొచ్చు కాదు, అడగాలి. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో స్కూలుకు తప్పనిసరిగా ఉండాల్సినవాటి జాబితా ఉంది. అందులో మగపిల్లలకూ ఆడపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు ఉన్నాయి. 2012 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఆరు నెలల్లోపు అన్ని స్కూళ్లలో ఏర్పాటు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఉండటం వేరు, వాడుకోగలగడం వేరు. మా స్కూల్లో ఆడపిల్లల బాత్రూమ్ ఉంది. తాళంచెవి మాత్రం స్టాఫ్ రూమ్‌లో సార్ల కుర్చీల వెనక మేకుకు వేలాడుతుండేది. పోకుండా దానికి జానెడు చెక్కముక్క కట్టారు. తొమ్మిదో తరగతి పిల్ల సార్ల మధ్య నుంచి వెళ్లి ఆ చెక్కముక్క తీసుకుని గ్రౌండ్ దాటుతుంటే ఎక్కడికి వెళ్తోందో స్కూలంతటికీ తెలిసేది. దాంతో సగం మంది పొద్దున్నుంచీ నీళ్లే తాగేవాళ్లు కాదు. రికార్డుల్లో మాత్రం 'బాలికల మరుగుదొడ్డి: ఉంది'.

అందుకే అర్జీలో 'బాత్రూమ్ లేదు' అని రాసి ఊరుకోకండి. గొళ్లెం పడుతుందా, నీళ్లు వస్తున్నాయా, తాళం ఎవరి దగ్గర ఉంది, ప్యాడ్లు పారేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా, ఒక్కొక్కటీ విడిగా రాయండి. మా స్కూల్లో తాళం తీసేయించడానికి నాలుగు నెలలు పట్టింది. పెద్దగా డబ్బు ఖర్చయింది లేదు.

మా అమ్మాయి చేత రోజూ ఊడిపిస్తున్నారు, మగపిల్లలతో చేయించరు. ఇదీ వివక్షేనా?

వివక్షే. కాకపోతే 'ఆడపిల్లలచేత ఊడిపించరాదు' అని రాసిన సెక్షన్ ఏదీ లేదు. సర్కారు బడి అయితే ఆర్టికల్ 15 సరిపోతుంది. ఊడవను అన్నందుకు తిట్టినా నిలబెట్టినా విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 పనికొస్తుంది. అది కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

ప్రేయర్ బెల్‌కు ముందు ఏడో తరగతి అమ్మాయిలు చున్నీ నడుముకు బిగించి వరండా ఊడుస్తుంటే, మగపిల్లలు దుమ్ముకాళ్లతో దాని మీదే పరిగెత్తడం రోజూ చూసేదాన్ని. హెడ్మాస్టర్ గారిని అడిగితే 'ఇంట్లో అలవాటే కదమ్మా వాళ్లకు' అన్నారు. చెడ్డ మనిషేం కాదు, అదే ఆయనకు న్యాయంగా తోచింది. కమిటీ మీటింగులో తీర్మానం రాయించాం: రోల్ నంబర్ల ప్రకారం వంతులు, ఆడామగా కలిపి. మొదటి వారం మగపిల్లలకు చీపురు పట్టుకోవడం రాక దుమ్మంతా క్లాసులోకే ఎత్తిపోశారు. రెండో నెలకు కుదురుకుంది.

ఈ కమిటీని చిన్నచూపు చూడకండి. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మినిట్స్ పుస్తకంలో సంతకాలతో ఎక్కిన తీర్మానాన్ని హెచ్‌ఎం అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు.

గేమ్స్ పీరియడ్‌లో అమ్మాయిలను క్లాసులో కూర్చోబెడుతున్నారు. ఏం చేయాలి?

మొదట పీఈటీ గారిని మర్యాదగానే కారణం అడగండి. 'లేడీ పీఈటీ లేరు', 'ఎండకు నల్లబడతారని తల్లులే వద్దన్నారు' అనే జవాబులే ఎక్కువ వస్తాయి. రెండోది అబద్ధం కాదు కూడా. ఇంతకంటే పెద్ద తలుపులే తెరుచుకున్నాయని వాళ్లకు చెప్పండి. సైనిక్ స్కూళ్లు దశాబ్దాలపాటు మగపిల్లలకే. 2018–19లో మిజోరంలోని ఒక స్కూల్లో ప్రయోగంగా అమ్మాయిలను చేర్చుకుని, 2021–22 నుంచి దేశమంతా తెరిచారు. కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లలోనూ ఇప్పుడు అమ్మాయిలు చదువుతున్నారు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష రాయనివ్వరా అని కోర్టుకు వెళ్తే, 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు రాయనివ్వమంది. ఆరో తరగతి అమ్మాయి సైనిక్ స్కూల్లో పరేడ్ చేయగలిగితే, మన ఊరి గ్రౌండ్లో ఖోఖో ఆడటానికి అడ్డేమిటి?

టీచర్ తప్పుగా ప్రవర్తించాడని పిల్ల చెప్పింది. స్కూలు 'మేం చూసుకుంటాం, బయట చెప్పొద్దు' అంటోంది.

వినకండి. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవడం అనే మాటే లేదు.

18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో సెక్షన్ 19 చెబుతోంది. తెలిసీ దాస్తే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడు దాస్తే ఏడాది దాకా. అంటే 'స్కూలు పరువు' అంటూ మిమ్మల్ని ఆపుతున్న ప్రిన్సిపాల్ స్వయంగా నేరం చేస్తున్నట్టే. ఆసిఫాబాద్ సరిహద్దుకు అవతల, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురాలో ఒక స్కూలు హాస్టల్లో గిరిజన బాలికల మీద అత్యాచారాలు జరిగాయి. ఆ సంగతి తెలిసీ చెప్పలేదని ఒక డాక్టర్ మీద కేసు పెడితే హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును మళ్లీ నిలబెట్టింది.

నేరం చేసింది స్కూలు సిబ్బంది అయితే పోక్సో దాన్ని మామూలు కంటే తీవ్రమైన నేరంగా చూస్తుంది. లైంగిక దాడికి 5 నుంచి 7 ఏళ్లు, అత్యాచారానికి కనీసం 20 ఏళ్లు. బట్టల మీంచి తాకితే నేరం కాదన్న ఒక హైకోర్టు తీర్పును 2021 నవంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇక రాజీ సంగతి. మన ఊళ్లలో పెద్దమనుషులు కూర్చుంటారు, డబ్బు మాట వస్తుంది, 'పిల్ల పెళ్లి కావాలి కదా' అంటారు. రాజస్థాన్‌లో ఒక టీచర్ విషయంలో ఇదే జరిగింది. కుటుంబం రాజీ పడిందని హైకోర్టు కేసు తీసేసింది. ఆ కుటుంబానికి సంబంధం లేని గ్రామస్థులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 నవంబర్‌లో కోర్టు కేసును తిరిగి తెరిపించింది. ఇలాంటివి ఇద్దరి మధ్య తగువులు కావని, రాజీతో కొట్టేయడం కుదరదని చెప్పింది.

పిల్లను స్టేషన్‌కు తిప్పుతారేమోనన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. పిల్ల వాంగ్మూలం ఇంట్లో గానీ, పిల్ల కోరిన చోట గానీ తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో కాకుండా. రాత్రిపూట పిల్లలను స్టేషన్‌లో ఉంచకూడదు. పిల్ల పేరు, ఫొటో, స్కూలు పేరు పత్రికల్లో రాకూడదు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయవచ్చు, పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమనండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. వెంటనే సాయం కావాలంటే 1098 (పిల్లల హెల్ప్‌లైన్) లేదా 112 (అత్యవసర నంబర్).

పిల్లను పదేపదే 'ఏం జరిగింది, మళ్లీ చెప్పు' అని అడగకండి. ఒకసారి విన్నాక చాలు.

స్కూల్లో ఫిర్యాదుల కమిటీ ఉండాలంటారు, అదేమిటి?

2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న ఏ సంస్థలోనైనా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. స్కూళ్లు, కాలేజీలు అందులోకే వస్తాయి. సీనియర్ మహిళ అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్లు, బయటి సంస్థ నుంచి ఒకరు. పదిమంది కంటే తక్కువుంటే జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లాలి. టీచర్లు, ఆయాలు, మధ్యాహ్న భోజనం వండే అక్కలు అందరూ దీని కింద ఫిర్యాదు చేయవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీ వేయని సంస్థకు 50,000 రూపాయల దాకా జరిమానా.

చాలా స్కూళ్లలో ఈ కమిటీ నోటీసు బోర్డు మీద ఫ్లెక్సీగానే ఉంటుంది. అందులో పేరున్న మేడమ్‌కే తను సభ్యురాలినని తెలియని సందర్భం చూశాను. ఇంకో మాట: విద్యార్థిని మీద జరిగిన లైంగిక నేరాన్ని ఈ కమిటీ విచారించి ముగించేయకూడదు. అది పోలీసులకు వెళ్లాల్సిందే.

మగపిల్లలకు రక్షణ లేదా?

ఉంది. పోక్సోలో 'బాలుడు, బాలిక' తేడా లేదు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 ఆడామగా అందరికీ ఒకటే. 'ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా' అని రోజూ నిలబెట్టి ఏడిపించడం మానసిక వేధింపే. 2013 చట్టం కింద మాత్రం ఫిర్యాదు ఆడవాళ్లే చేయగలరు.

మా బిడ్డ ట్రాన్స్‌జెండర్. స్కూలు 'మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరు' అంటోంది.

మిగతా తల్లిదండ్రుల ఒప్పుదల చట్టం అడగలేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో గుర్తించింది. 2019 చట్టం చదువు నిరాకరించడాన్ని వివక్షగా చెప్పింది. ప్రభుత్వ నిధులు గానీ గుర్తింపు గానీ ఉన్న ప్రతి విద్యాసంస్థా చదువులోనూ ఆటల్లోనూ తేడా చూపకుండా చేర్చుకోవాలంది. ప్రైవేటు స్కూలుకూ గుర్తింపు ఉంటుంది కాబట్టి తప్పించుకోలేదు. బాత్రూమ్, యూనిఫాం, జుట్టు దగ్గరే గొడవ మొదలవుతుంది. చేరిన రోజే హెచ్‌ఎంతో కూర్చుని ఈ మూడూ మాట్లాడి కాగితం మీద పెట్టుకోండి.

పదో తరగతి అమ్మాయికి పెళ్లి చేశారు, ఇప్పుడు గర్భవతి. స్కూలుకు రావొద్దంటున్నారు.

పెళ్లయిందని, గర్భవతి అని బడి మాన్పించే అధికారం స్కూలుకు ఏ చట్టమూ ఇవ్వలేదు. ఎనిమిదో తరగతిలోపు అయితే విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 పేరు తీసేయడాన్నే నిషేధించింది. పదో తరగతికి అంత సూటి సెక్షన్ లేదు, సర్కారు బడి అయితే ఆర్టికల్ 15 మీద అడగాలి. 'ఓపెన్ స్కూల్లో కట్టించండి, పోనీ' అంటారు. కావాలనుకుంటే కట్టుకోవచ్చు, బలవంతం మీద కాదు.

ఇందులో ఇంకో కోణముంది, దాచి లాభం లేదు. 18 నిండని అమ్మాయి గర్భవతి అంటే పోక్సో కేసు అవుతుంది, పెళ్లయినా సరే. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం కింద పెళ్లి చేసినవాళ్ల మీదా కేసు ఉంటుంది. ఆ పెళ్లిని రద్దు చేయమని అడిగే హక్కు అమ్మాయికి మైనారిటీ తీరిన రెండేళ్ల వరకు ఉంటుంది. ఇంట్లోవాళ్ల భయమంతా ఇక్కడే, అందుకే బడి సంగతి ఎవరూ అడగరు.

అమ్మాయిల హాస్టల్లో ఫోన్ లాక్కుంటున్నారు, అబ్బాయిల హాస్టల్లో అలా లేదు.

2019 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసే విన్నది. సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోన్ వాడొద్దన్న రూలు ఒప్పుకోలేదని కోజికోడ్ దగ్గరి ఒక కాలేజీ అమ్మాయిని హాస్టల్ నుంచి పంపేశారు. ఇంటర్నెట్ అందుబాటు కూడా చదువు హక్కులో, వ్యక్తిగత గోప్యతలో భాగమేనని కోర్టు చెప్పి, తిరిగి చేర్చుకోమంది. అది కేరళ తీర్పు, పైగా కాలేజీ. మన ఇంటర్ హాస్టళ్లకు నేరుగా అంటించలేం గానీ, వార్డెన్ ముందు పెట్టడానికి బాగా పనికొస్తుంది.

గొడవ చేస్తే టీసీ ఇచ్చి పంపేస్తామంటున్నారు.

ఎనిమిదో తరగతి దాకా పంపేసే వీల్లేదు, విద్యాహక్కు చట్టం సెక్షన్ 16. మీరే మారాలనుకుంటే టీసీ ఆపే వీలూ లేదు, అదే చట్టం సెక్షన్ 5. బెదిరింపు నోటితోనే వస్తుంది, కాగితం మీద ఇవ్వమంటే ఇవ్వరు. ఆ రోజే హెచ్‌ఎంకు 'మీరు ఈ రోజు ఇలా అన్నారు' అని వాట్సాప్ పెట్టండి. జవాబు రాకపోయినా మీ దగ్గర తేదీ ఉంటుంది.

మేం అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడి సంగతి?

అక్కడ 1972 నాటి 'టైటిల్ నైన్' అనే ఒకే చట్టం పని అంతా చేస్తుంది. ఫెడరల్ నిధులు అందుకునే ప్రతి స్కూలుకూ వర్తిస్తుంది కాబట్టి పబ్లిక్ స్కూళ్లన్నీ వచ్చేస్తాయి. ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లో దీనికోసం ఒక కోఆర్డినేటర్ ఉంటారు. అక్కడ తేలకపోతే ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల విభాగానికి మామూలుగా 180 రోజుల్లోపు రాయాలి. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించినా అది ఈ చట్టం కింద వివక్షేనని 2005లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు వేసింది అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచ్. మన చట్టాల్లో నాకు బాగా లోటనిపించేది కక్షసాధింపు నుంచి ఈ రక్షణే.

సరే, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, ఎలా రాయాలి?

హెచ్‌ఎం, ఆ తర్వాత ఎంఈవో (మండల విద్యాధికారి), డీఈవో (జిల్లా విద్యాధికారి). సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం ఉంటుంది, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్‌ఎస్ అంటారు, అక్కడ ఇస్తే నంబర్ పడుతుంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద స్థానిక అధికార సంస్థకు రాస్తే మూడు నెలల్లో తేల్చాలి. తేల్చిన తీరు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు. లాయర్ కావాలంటే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితం. ఫోన్ 15100.

రాయడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 'మా అమ్మాయిని చులకనగా చూస్తున్నారు, న్యాయం చేయగలరు' అని రాస్తే ఆఫీసర్ చదివి పక్కన పెడతారు. ఇలా రాయండి: 'జూలై నెలలో నాలుగు శనివారాలూ ఆఖరి పీరియడ్‌లో 8వ తరగతి బి సెక్షన్ మగపిల్లలను గ్రౌండ్‌కు పంపి, అమ్మాయిలను క్లాసులో కూర్చోబెట్టారు. 19వ తేదీన పీఈటీ గారిని అడిగాను, లేడీ పీఈటీ లేరన్నారు. అమ్మాయిలకూ అదే పీరియడ్‌లో ఆటలు పెట్టించగలరు.' ఒక్క పేజీ, ఒక్క సమస్య, ఏం కావాలో చివరి వాక్యంలో. తిట్లు వద్దు, కవిత్వం వద్దు.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. క్లర్కు వేయనంటే బయటికొచ్చి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దానికే పిన్ను కొట్టుకోండి. నెల దాటినా కదలకపోతే 'నా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు' అని సమాచార హక్కు కింద అడగండి. ఫీజు మండల ఆఫీసులో 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10, జవాబుకు గడువు 30 రోజులు. మా బాత్రూమ్ తాళం ఊడింది ఈ ఐదు రూపాయల కాగితానికే, అర్జీకి కాదు.